డాన్ గర్నీ కెరీర్‌ని ఎలా చదవాలి

డ్రైవర్‌గా మొదలై టీమ్ ఓనర్ అయినవాళ్ల గురించి చదివేటప్పుడు చాలామంది నేరుగా గెలుపుల లెక్క చూస్తారు. అమెరికన్ డాన్ గర్నీ విషయంలో అలా చూస్తే ఫార్ములా వన్‌లో 4 గెలుపులు, అంతే, పేజీ మూసేస్తారు. అలా చేయకండి, దయచేసి.

ముందు ప్రతి గెలుపు పక్కన కారు ఎవరిదో రాసుకోండి. 1962లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో గెలిచింది పోర్షే కారుతో, సొంతంగా కారు కట్టి ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ రేసుల్లోకి దిగిన పోర్షేకి దక్కిన గెలుపు అదొక్కటే. 1964లో అదే రువాన్‌లో బ్రాభమ్ టీమ్‌కి తొలి ఛాంపియన్‌షిప్ గెలుపు తెచ్చిందీ ఇతనే, ఆ ఏడాదే మెక్సికోలో ఇంకొకటి. నాలుగోది 1967 జూన్ 18న బెల్జియంలోని స్పాలో, తన సొంత ఈగిల్ కారుతో. ఇక్కడ ఆగి నెమ్మదిగా చదవండి. సొంతంగా కట్టిన కారుని తానే నడిపి ఛాంపియన్‌షిప్ రేసు గెలిచినవాళ్లు జాక్ బ్రాభమ్, బ్రూస్ మెక్‌లారెన్, గర్నీ, ఈ ముగ్గురే. పైగా అంతకు సరిగ్గా వారం ముందు ఎ.జె. ఫాయిట్‌తో కలిసి ఫోర్డ్ కారులో లే మాన్స్ 24 గంటల రేసు గెలిచాడు, పోడియం మీద షాంపేన్ చిమ్మే అలవాటు పాకింది కూడా అక్కడినుంచే! ఇలాంటి రెండు వారాలు ఇంకే డ్రైవర్‌కైనా వచ్చాయా అంటే నాకైతే తట్టడం లేదు.

ఇప్పుడు ఓనర్ లెక్క, దీన్ని వేరే కాగితం మీద వేసుకోండి. అమెరికన్ మాజీ రేసర్, కార్ల తయారీదారు కారల్ షెల్బీతో కలిసి పెట్టిన టీమ్ పేరు ఆల్ అమెరికన్ రేసర్స్. అమెరికాలో ఏటా జరిగే 500 మైళ్ల రేసు ఇండియానాపోలిస్ 500 పట్టికలో 1968, 1973, 1975 గెలుపుల దగ్గర ఈగిల్ పేరు కనిపిస్తుంది కదా, మొత్తం గర్నీ ఖాతాలో వేసేయకండి, మొదటి రెండూ వేరే టీమ్‌లు నడిపిన ఈగిల్ కార్లు. 1975లో బాబీ అన్సర్ గెలిచిందే గర్నీ సొంత టీమ్‌కి. అందుకే పట్టికలో టీమ్ ఒకసారి, కారు తయారీదారు ఒకసారి, రెండూ విడివిడిగా చూడాలి.

1970లో డ్రైవింగ్ మానేశాక ఏం చేశాడో మాత్రం వదలొద్దు. 1971లో వెనక వింగ్ చివర ఒక చిన్న పట్టీని నిలువుగా బిగించాడు, దాంతో కారుని నేలకి నొక్కే బలం పెరిగింది. ఇప్పుడు దాన్ని గర్నీ ఫ్లాప్ అంటారు. 1978లో అతను టీమ్ ఓనర్లకి రాసిన లేఖ ఇండియానాపోలిస్ తరహా రేసులు నడిపే కార్ట్ (CART) సంస్థ పుట్టడానికి దారి తీసింది, 1992, 1993లో అతని టీమ్ టొయోటాతో కలిసి అమెరికా స్పోర్ట్స్ కార్ రేసుల సంస్థ ఐఎంఎస్ఎ (IMSA) టైటిళ్లు కూడా కొట్టింది.

టైమ్ తక్కువుంటే స్పా రేసుతో మొదలుపెట్టి, అక్కడినుంచి నేరుగా 1975కి వెళ్లండి.