కారు నంబరు చదవడం – 3వ పాఠం: నాలుగో అంకె

కిందటి పాఠంలో పాత కారు నంబరు అచ్చు తీయడం నేర్చుకున్నాం. నంబరంటే రోడ్డు మీద కనిపించే ప్లేటు నంబరు కాదు, తయారుచేసినవాళ్లు కారుకు వేసే ఛాసిస్ నంబరు. ఇంకా తీయనివారు ముందు ఆ పని చూసుకుని రండి. చేతిలో అచ్చు లేకుండా ఈ పాఠం చదవడమంటే వడ్డించని విస్తరి ముందు కూర్చోవడమే.

తీసినవారికి రెండు మాటలు మళ్లీ చెబుతాను. అంకెల మీది తుప్పును ఎమరీ కాగితంతోనూ వైరు బ్రష్షుతోనూ గోకవద్దు. కిరసనాయిలులో ముంచిన గుడ్డను ఒక పూట కప్పి ఉంచితే మురికి మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది. ఆరిన తర్వాత పెన్సిలు మొనను పడుకోబెట్టి అంకెల మీద రుద్ది, పైన పారదర్శక టేపు అంటించి, గోటితో నొక్కి, మెల్లగా ఎత్తి తెల్లకాగితం మీద అతికించాలి. బ్రేకాఫీసు దగ్గర ఏజెంట్లు రోజూ చేసే పనే ఇది. అయితే టేపును జిగురు వైపు నుంచి చూసి చదవకండి. అద్దంలో చూసినట్టు తిరగబడి 5 కాస్తా 2లా కనబడుతుంది. ఈరోజు పాఠమంతా ఆ రెండు అంకెల మధ్యే నడుస్తుంది.

పాఠానికి 1950ల మధ్యకాలపు మారిస్ మైనర్ అనే బ్రిటిష్ కారు తీసుకుందాం. దానికి విడిగా ఛాసిస్ చట్రం ఉండదు, ఒళ్లే చట్రం. అయినా సి బుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకంలో, 'ఛాసిస్ నంబరు' అనే గడి ఉంటుంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక గోడకు చిన్న రేకు ఒకటి రివెట్లతో బిగించి ఉంటుంది. దాని మీద మూడు ఇంగ్లిషు అక్షరాలు, రెండు అంకెలు, ఒక గీత, ఆ తర్వాత వరస సంఖ్య కనిపిస్తాయి. అందరూ వరస సంఖ్య మీద పడతారు. అసలు సంగతి ముందున్న అయిదింటిలో ఉంది.

మొదటి అక్షరం బండి రకం. ఎఫ్ అంటే మైనర్. రెండోది ఒంటి తీరు. ఏ నాలుగు తలుపులది, బి రెండు తలుపులది, సి పైకప్పు మడిచేది, ఎల్ వెనక భాగంలో చెక్క చట్రం ఉండే ట్రావెలర్. మూడోది రంగు. ఏ నలుపు, బి బూడిద, సి ఎరుపు, డి నీలం, ఇ ఆకుపచ్చ. ఇదే చోట హెచ్ కూడా వస్తుంది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను. నాలుగోది అంకె, ఆ బండిని ఎవరి కోసం చేశారో చెబుతుంది. 1 బ్రిటన్‌లోనే అమ్మడానికి. 2 ఎగుమతికి, కుడి స్టీరింగు. 3 ఎగుమతికి, ఎడమ స్టీరింగు. 4 ఉత్తర అమెరికాకు. 5 విడిభాగాలుగా పెట్టెల్లో పంపినది, కుడి స్టీరింగు. 6 కూడా విడిభాగాలే, ఎడమ స్టీరింగు. అయిదోది పెయింటు రకాన్ని తెలిపే అంకె, మనకు పెద్దగా పనికిరాదు.

నెల్లూరులో ఒక పెద్దాయన తన మైనర్‌ను చూడమని పిలిచారు. కారు మీద కప్పిన దుప్పటి తీస్తూనే మొదలుపెట్టారు. "ఇది లండన్‌లో బిగించిన బండి. ఓడలో మద్రాసు హార్బరులో దిగింది. మా నాయన వెళ్లి స్వయంగా నడుపుకొచ్చారు. దారిలో గూడూరులో ఆగి కాఫీ తాగారట."

నేను అచ్చు తీసి కాగితం మీద అతికించి ఆయన ముందు పెట్టాను. ఎఫ్, ఏ, హెచ్, 5. నాలుగో చోట 5 ఉందంటే పూర్తి కారుగా ఓడ ఎక్కలేదు. మూడో చోటి హెచ్ కూడా అదే సాక్ష్యం చెబుతోంది, అది రంగు పేరు కాదు, విడిభాగాలుగా పోయే బండికి వేసే గుర్తు. అసలు మైనర్లు తయారైంది లండన్‌లో కాదు, ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీలో.

ఆయన చాలాసేపు ఆ కాగితాన్నే చూశారు. "అయితే గూడూరులో కాఫీ?" అన్నారు చివరికి.

"దాని గురించి నంబరు ఏమీ చెప్పదండీ" అన్నాను.

నిజానికి ఆయన కథలో సగం నిలిచే అవకాశం ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో మన దేశంలో విడిభాగాలు తెప్పించి కార్లు బిగించే కంపెనీలు చాలా ఉండేవి. మద్రాసులో అడిసన్ కంపెనీ ఆ పని చేసేది. కలకత్తా దగ్గరి ఉత్తరపాడలో హిందుస్థాన్ మోటార్స్ ఇదే మైనర్‌ను 'బేబీ హిందుస్థాన్' పేరుతో అమ్మింది. 1953లో, సుంకాల మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే టారిఫ్ కమిషన్ సిఫారసు తర్వాత, ఇక్కడ తయారీ లేకుండా ఊరికే బిగించి అమ్మే కంపెనీలకు కాలం చెల్లింది. అంటే ఆయన కారు ఓడలోనే వచ్చి ఉండవచ్చు, కానీ పెట్టెల్లో. వాళ్ల నాయన మద్రాసు నుంచే నడుపుకొచ్చి ఉండవచ్చు, కానీ హార్బరు నుంచి కాదు. ఇంటి కథను ఒక్క దెబ్బకు కొట్టేయకండి. నంబరు కాదన్న ముక్కను మాత్రమే తీసేసి, మిగిలినదానికి కాగితం వెతకండి.

ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లండులో వార్విక్‌షైర్‌లోని గేడన్ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. మారిస్, ఆస్టిన్, ఎంజి, ట్రయంఫ్ వంటి కంపెనీల తయారీ పుస్తకాలు అక్కడ భద్రపరిచారు. రుసుము కడితే పుస్తకంలో ఉన్నది చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. తయారైన తేదీ, ఫ్యాక్టరీ దాటిన తేదీ, ఎక్కడికి పంపిందీ, తొలి ఇంజన్ నంబరు, రంగు వంటివి అందులో ఉంటాయి. రాసేటప్పుడు ముందున్న అయిదు గుర్తులతో సహా పూర్తి నంబరు ఇవ్వండి. అంబాసిడర్ ఉన్నవారికి ఈ దారి లేదు. అది ఇక్కడ పుట్టిన బండి, దాని పాఠం వేరే ఉంది. ఫియట్ వారు కూడా కాస్త ఓపిక పట్టాలి.

సర్టిఫికెట్ వచ్చేలోగా ఇంజన్ చూడండి. మైనర్‌లో మొదట 918 సీసీ ఇంజన్ ఉండేది, తర్వాత 803, 1956 నుంచి 948, 1962 నుంచి 1098. ఎఫ్‌తో మొదలయ్యే 1954 నాటి నంబరున్న కారులో 948 ఇంజన్ కనిపిస్తే మధ్యలో ఎవరో మార్చారన్నమాట. పెట్రోలు ఖర్చుకు భయపడి డీజిల్ ఇంజన్ ఎక్కించిన పాత కార్లకూ మన దగ్గర కొదవలేదు. మార్చడం నేరమేమీ కాదు, అనుమతి తీసుకుని సి బుక్కులో ఎక్కించి ఉండాలి, అంతే. ఇది ఊరికే ఆసక్తి కొద్దీ చెబుతున్నది కాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారి ఉండకూడదు.

ఇక మన జిల్లాల చిక్కు ఒకటి ఉంది. తొలి రిజిస్ట్రేషన్ కాగితాల కోసం ఒంగోలులో అడిగి, లేదనిపించుకుని నిరాశపడేవారిని చూశాను. ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970లో. అంతకు ముందు ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లాలో ఉండేవి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి. 1955లో పొదిలిలో కొన్న కారు కథ నెల్లూరు నుంచి మొదలుపెట్టాలి. 1953 అక్టోబరు 1కి ముందుదైతే అది మద్రాసు రాష్ట్రపు కాగితం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్లేట్ల మీది ఏపీ 26, ఏపీ 27 అనే అంకెలు 1989 తర్వాతివి, పాత కారుకు అవి కనిపిస్తే తర్వాత ఎప్పుడో మళ్లీ నమోదైందని అర్థం. అప్పుడు సి బుక్కు వెనక పేజీల్లో బదిలీ ముద్రలు వెతకండి.

సి బుక్కును కూడా పూర్తిగా నమ్మకండి. నేను చూసినవాటిలో కొన్నింట్లో గుమస్తా వరస సంఖ్య ఒక్కటే రాసి, ముందున్న అయిదు గుర్తులను వదిలేశాడు. అంటే మనకు కావలసిన నాలుగో అంకే ఎగిరిపోయింది. అందుకే కాగితం కంటే ముందు ఇనుము.

ఇంకొక మాట. 17 అక్షరాల ఛాసిస్ నంబర్లను చదివే ఫోను యాప్‌లలో మీ మైనర్ నంబరు కొట్టి 'తప్పు నంబరు' అని వస్తే గుండెలు బాదుకోకండి. ఆ 17 అక్షరాల పద్ధతి స్థిరపడింది 1980లలో.

ఈ వారం పని: మీ అచ్చు కాగితం మీద ప్రతి గుర్తు కింద దాని అర్థం రాయండి. పక్కనే, మీ ఇంట్లో ఆ కారు గురించి చెప్పుకునే కథను నాలుగు వాక్యాల్లో రాయండి. నంబరు కాదన్న వాక్యం కింద ఎర్ర గీత, నంబరు ఏమీ చెప్పలేని వాక్యం కింద నీలి గీత కొట్టండి. 1958 తర్వాతి మైనర్లలో ఎఫ్ పోయి ఎం-ఏ అనే అక్షరాలతో మొదలయ్యే కొత్త పద్ధతి వచ్చింది. అలాంటి నంబరు ఉన్నవారు అచ్చును జాగ్రత్తగా దాచుకోండి, 4వ పాఠం దాని మీదే.