పరిశోధనాంశం తేలకపోయినా, పరికల్పన నిలవకపోయినా: సమస్య - పరిష్కారం

సమస్య: పీహెచ్‌డీ కోసం ఆరు నెలలు చదివినా అంశం తేలడం లేదు.

చాలాసార్లు మీ చేతిలో ఉన్నది అంశం కాదు, శీర్షిక. "విశాఖ మత్స్యకారుల స్థితిగతులు" అన్నదానికి జవాబంటూ ఉండదు. "ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధంలో మరబోట్లలో పనిచేసే కలాసీల ఇల్లు దేనిమీద గడుస్తోంది?" అంటే ఉంటుంది. అంశాన్ని ఒక్క ప్రశ్నగా రాసి, అందుకు కావలసిన లెక్కలు ఎవరి దగ్గరున్నాయో, ఇస్తారో ఇవ్వరో ఫిషింగ్ హార్బరుకు ఒక పూట వెళ్లి కనుక్కోండి. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇచ్చేశాక ఈ పని మొదలుపెట్టేవారిని చూసి చూసి విసిగిపోయాను.

సమస్య: ఫలితం ఎటు వచ్చినా పరికల్పనే (పరీక్షకు పెట్టే ముందస్తు ఊహే) నెగ్గుతోంది.

"ప్రభావం ఉంటుంది" అన్న మాట తీసేయండి. పెరుగుతుందా, తగ్గుతుందా, దేనితో పోల్చి అన్నది రాయండి. ఏ ఫలితం వస్తే వదులుకుంటారో కూడా ముందే రాయండి.

సమస్య: పరికల్పన తొలిసారే చక్కగా రుజువైంది, మరుసటి ఏడాది లెక్కల్లో మాత్రం కనిపించలేదు.

ఇది చూడటానికి లోపంలా ఉండదు, అందుకే నేనూ ఇందులో చిక్కుకున్నాను. తెల్లవారుజామున జెట్టీ మీద చేపల గంపల మధ్య నిలబడి 60 బోట్ల సరంగుల (బోటు నడిపేవారి) నుంచి 20 వివరాలు రాసుకొని, ఒక్కొక్కదాన్నీ రాబడితో పోల్చి చూడగా, ఐసు కొనుగోలు ఒక్కటే 0.03 పి-విలువతో తేలింది. అసలు సంబంధమే లేకపోయినా ఇంత సంబంధం కాకతాళీయంగా కనిపించే అవకాశమే పి-విలువ; అది 0.05 కన్నా తక్కువైతే సంబంధం ఉందనుకోవడం వాడుక. దాన్నే మొదటి నుంచీ అనుకున్నట్టు తొలి అధ్యాయంలో పరికల్పనగా రాసి, అవే లెక్కలతో అయిదో అధ్యాయంలో రుజువు చేశాను. మరుసటి ఏడాది వేరే బోట్లను అడిగితే ఆ సంబంధం జాడ కూడా లేదు. రాబడితోగానీ, తమలో తమకుగానీ ఏ సంబంధమూ లేని 20 విషయాలను 0.05 గీత పెట్టి పరీక్షిస్తే, కనీసం ఒకటైనా కాకతాళీయంగా గట్టెక్కే అవకాశం దాదాపు 64 శాతం. నేను రుజువు చేసింది ఆ కాకతాళీయాన్నే.

పరికల్పనకు తేదీ వేసి గైడుకు పంపాకే ప్రశ్నావళి పట్టుకొని బయలుదేరండి. లెక్కలు ఇప్పటికే చూసేసి ఉంటే, కనిపించినదాన్ని ప్రశ్నగా మాత్రమే ఉంచుకొని కొత్త బోట్ల దగ్గర పరీక్షించండి. అందుకు వ్యవధి లేకపోతే, 20 పరీక్షలు చేశామని సిద్ధాంత గ్రంథంలో దాచకుండా రాసి, 0.05ను 20తో భాగించి 0.0025 దగ్గర గీత గీయండి. నా ఐసు ఆ దరిదాపులకు కూడా రాలేదు.

అదే అంశం మీద మరొకరు పనిచేసి ఉండటం, గైడు మారిపోవడం అరుదు. మొదటిది సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో గంట వెతికితే తెలుస్తుంది, రెండోది విభాగం చూసుకుంటుంది.