అక్వేరియం ఫిల్టర్లు – 4వ పాఠం: సంపా, క్యానిస్టరా?

గత పాఠంలో తొట్టి నీళ్లు గంటకు ఐదుసార్లు ఫిల్టర్ గుండా తిరిగేలా లెక్క కట్టుకున్నాం. ఆ లెక్కను సంపుతోనూ (చేపల తొట్టి కింద పెట్టే, ఫిల్టర్ సామాను, పంపు ఉండే మరో తొట్టి) అందుకోవచ్చు, క్యానిస్టర్‌తోనూ అందుకోవచ్చు. స్పాంజి, సిరామిక్ రింగులు చేసే పని రెండింటిలోనూ ఒకటే. అందుకే ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: కరెంటు పోతే నీళ్లు ఏమవుతాయి?

క్యానిస్టర్ అంటే మూత బిగించిన డబ్బా. పంపు ఆగితే నీళ్లు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి, గది తడవదు. కానీ రింగుల మీద బతుకుతూ నీళ్లను శుభ్రం చేసే బాక్టీరియా డబ్బాలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటుంది. కొన్ని గంటల తర్వాత అలాగే ఆన్ చేస్తే ఆ మురిగిన నీళ్లు నేరుగా చేపల మీదికే వస్తాయి. ముందు మూత తీసి వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ నీళ్లు పారబోసి, రింగులను తొట్టిలోంచి తీసిన నీళ్లతోనే కడగండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు వాడితే మిగిలిన బాక్టీరియా కూడా చస్తుంది. మూత తీసిన ప్రతిసారీ రబ్బరు రింగు తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. దాని కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, చుక్కచుక్కగా కారడం మొదలవుతుంది.

సంపులో అలా కాదు, పంపు ఆగగానే నీళ్లు కిందికి దిగుతాయి. ఎంత దిగుతాయో ముందే లెక్క వేయాలి. తొట్టి పొడవు 120, వెడల్పు 45 సెం.మీ. అనుకుందాం. సంపులోంచి నీళ్లను పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి 3 సెం.మీ. లోతున ఉంటే ఆ పైపే సైఫన్‌లా మారి 120×45×3, అంటే 16.2 లీటర్లు వెనక్కి లాగుతుంది. 75×35 సెం.మీ. సంపులో మట్టం 6 సెం.మీ. పైగా పెరుగుతుంది. పైపుల్లోని నీళ్లు, ఓవర్‌ఫ్లో పెట్టెలోవి (తొట్టి నీళ్లు పొర్లి సంపుకు దిగే పెట్టె) దీనికి అదనం. కనీసం 10 సెం.మీ. ఖాళీ ఉంచండి. అదే మూతిని 10 సెం.మీ. లోతుకు దించితే దిగేవి 54 లీటర్లు, అవి నేల మీదికే! నీటిమట్టానికి కాస్త దిగువన పైపుకు చిన్న రంధ్రం పెడితే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. నాచు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది కాబట్టి వారానికోసారి పుల్లతో పొడవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, చిన్న నత్త అడ్డుపడినా అది మూసుకోదు.

ఇందుకు తిరగబడిన ప్రమాదం కూడా ఉంది. ఆకు పడి కిందికి దిగే పైపు మూసుకుపోతే, పంపు సంపులో తానున్న గదిలోని నీళ్లన్నీ పైకి తోడేస్తుంది. ఆ గది 25×35, నీళ్లు 20 సెం.మీ. ఎత్తు ఉంటే 17.5 లీటర్లు. పై తొట్టిలో అది 3.2 సెం.మీ. కాబట్టి అంచు దగ్గర 4 సెం.మీ. వదిలిపెట్టాలి.

కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే మొక్కల తొట్టికి మా ఓటు క్యానిస్టర్‌కే. సంపులో నీళ్లు జారిపడే చోట ఆ వాయువు చాలావరకు గాలిలో కలిసిపోతుంది. టెంపర్డ్ గాజుకు రంధ్రం వేస్తే పగిలి ముక్కలవుతుంది, అక్కడా క్యానిస్టరే మేలు. సముద్రపు నీటి తొట్టికి, ఎక్కువ తినే పెద్ద చేపలకు మాత్రం సంపే. స్కిమ్మర్ (నురగతో మురికిని తీసే పరికరం), హీటర్ అందులో ఇమిడిపోతాయి, పంపు ఆపకుండానే స్పాంజి మార్చవచ్చు.

సంపు ఎంచుకున్నవారు చేపలు వేయకముందే పరీక్ష చేయండి. పంపు ఆపి, నీళ్లు దిగడం పూర్తిగా ఆగాక సంపు నిండా అంచుకు 2 సెం.మీ. కిందివరకు నీళ్లు పోయండి. పంపు ఆన్ చేసి, మట్టం నిలకడయ్యాక పంపు గది గాజు మీద గీత గీయండి. నీళ్లు ఎప్పుడూ ఆ గీత దాటకూడదు.