శాకాహారానికి మారేవారు ముందుగా చూసుకోవలసినవి

మాంసాహారాన్ని ఒక్కసారిగా మానేయడం కంటే, వారానికి రెండు మూడు రోజులతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ పోవడం మేలు; పప్పుధాన్యాలలోని పీచుకు అలవాటుపడేందుకు పేగులకు కొంత వ్యవధి కావాలి, లేకపోతే కడుపుబ్బరం తప్పదు.

చాలామంది పళ్లెంలోంచి మాంసం తీసేసి, ఆ ఖాళీని అన్నంతోనో బ్రెడ్డుతోనో నింపేస్తారు. అది శాకాహారమే గాని పుష్టికరమైన ఆహారం కాదు. ఆ స్థానంలోకి పప్పులు, శనగలు, సోయా, పాల పదార్థాలు రావాలి. ఉడికించిన మసూర పప్పు 100 గ్రాములలో ప్రోటీన్ సుమారు 9 గ్రాములే ఉంటుంది. పెద్దవారికి శరీర బరువులో కిలోకు రోజుకు దాదాపు 0.8 గ్రాములు అవసరం కాబట్టి, ఒక పూట పప్పుతో సరిపెట్టుకోవడం కుదరదు.

మొక్కల నుంచి వచ్చే ఇనుమును శరీరం తక్కువగా గ్రహిస్తుంది. ఉడికిన శనగల మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని సి విటమిన్ ఈ గ్రహణాన్ని పెంచుతుంది. భోజనంతోపాటు తాగే టీ, ఎంత ఇష్టమైనదైనా సరే, దానికి అడ్డుపడుతుంది. గంటసేపు ఆగి తాగవచ్చు.

బి12 విటమిన్ విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. మొక్కల ఆహారంలో అది నమ్మదగినంతగా దొరకదు కనుక, పాలు, గుడ్లు కూడా మానేసేవారు బి12 కలిపిన ఆహారాన్నో, వైద్యుల సలహాతో మాత్రలనో మొదటి నుంచే తీసుకోవాలి.