స్కీకి బయల్దేరే ముందు స్నో లెవెల్ చూడండి: సియాటిల్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

మొన్న శనివారం స్నోక్వాల్మీ పాస్ (కొండల మధ్య కనుమ, స్కీ చేసే చోటు) పార్కింగ్‌లో మన కుర్రాళ్ళు నలుగురు కనిపించారు. చేతిలో అద్దెకి తెచ్చుకున్న స్కీలు, ముందే ఆన్‌లైన్లో కొన్న లిఫ్ట్ టికెట్లు, ఒంటిమీద జీన్స్. పైనుంచి వాన. "యాప్‌లో 7 అంగుళాల స్నో అని ఉంది అన్నా" అంటూ ఒకతను ఫోన్ చూపించాడు. యాప్ అబద్ధమేం చెప్పలేదు. ఆ 7 అంగుళాలూ శుక్రవారం పగలు పడ్డాయి. రాత్రికి గాలి వెచ్చబడి మిగతాదంతా వానై దిగింది. పాపం మధ్యాహ్నానికల్లా తడిసి వణుకుతూ వెనక్కి వెళ్ళిపోయారు. ఇక్కడ నా మొదటి చలికాలం కూడా ఇలాంటి శనివారాలతోనే గడిచిపోయింది. చెప్పేవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను.

టికెట్లు, రెంటల్స్, నేర్పే క్లాసులు ఎక్కడ దొరుకుతాయో మీరే వెతుక్కుంటారు, వాటి జోలికి పోను. వాతావరణం సంగతే చెప్తాను.

కాస్కేడ్ పర్వతాలు సముద్రానికి దగ్గర. పసిఫిక్ నుంచి వచ్చే తేమకి మామూలుగా పెద్దగా లోటుండదు, లోటల్లా చలికే. అందుకని ముందు చూడాల్సింది, పడే మంచు ఏ ఎత్తు దగ్గర వానగా మారుతోందో. దాన్నే స్నో లెవెల్ అంటారు. ఫ్రీజింగ్ లెవెల్ అని ఇంకో అంకె కూడా కనిపిస్తుంది. అది గాలి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే ఎత్తు. రాలే మంచు కరగడానికి ఇంకొంత కిందికి రావాలి కాబట్టి స్నో లెవెల్ మామూలుగా దానికంటే ఓ వెయ్యి అడుగులు కిందుంటుంది. ఈ రెండూ ఒకటే అనుకుంటే లెక్కంతా తప్పిపోతుంది.

ఇప్పుడు కొండల ఎత్తులు గుర్తుపెట్టుకోండి. స్నోక్వాల్మీ పాస్ 3,022 అడుగులు. స్టీవెన్స్ పాస్ 4,061. క్రిస్టల్ మౌంటెన్ అడుగునే 4,400, పైన దాదాపు 7,000. స్నో లెవెల్ 3,500 అన్నారనుకోండి, స్నోక్వాల్మీలో లిఫ్ట్ ఎక్కే చోట వాన, స్టీవెన్స్‌లో బరువైన తడి మంచు, క్రిస్టల్‌లో మంచి మంచు. ఒకే రోజు, ఒకే మేఘం! 5,000 అన్నారంటే క్రిస్టల్ పై భాగం తప్ప ఎక్కడికీ వెళ్ళకండి. హవాయి వైపు నుంచి వెచ్చటి తేమ పట్టుకొచ్చే తుఫాన్లుంటాయి, పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు. అవి వస్తే స్నో లెవెల్ 7,000 కూడా దాటుతుంది. ఆ వారాంతం ఇంట్లో ఉండండి.

ఇది నా చాదస్తం అనుకోవద్దు. 2014-15 చలికాలంలో తేమ దాదాపు మామూలుగానే వచ్చింది, కానీ వెచ్చదనానికి చాలావరకు వానగానే పడింది. కొండల మీద మంచు నిలవక 2015లో వాషింగ్టన్ రాష్ట్రం కరువు ప్రకటించింది. అదే కాస్కేడ్స్‌లో 1998-99లో మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1,140 అంగుళాల మంచు పడింది, ఒక సీజన్‌కి ప్రపంచ రికార్డు అది.

ఇంకో సంగతి, దీనికి మాత్రం నాకు నిజంగా విసుగొస్తుంది. ఫోన్లో "స్నోక్వాల్మీ" అని కొట్టి వచ్చింది నమ్మేస్తారు. స్నోక్వాల్మీ అని కింద లోయలో ఒక ఊరుంది, ఎత్తు 400 అడుగుల పైచిలుకు. పాస్ వేరు! నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌కి వెళ్ళి, మ్యాప్ మీద సరిగ్గా స్కీ కొండ దగ్గర నొక్కండి. వచ్చే పేజీలో ఆ చోటు ఎత్తు ఎంతో కూడా రాసుంటుంది, అది చూసుకున్నాకే కింద చదవండి. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ (మంచు చరియల గురించి హెచ్చరించే సంస్థ) వాళ్ళ పర్వత వాతావరణ సూచన ఇంకా మేలు. ప్రాంతాలవారీగా స్నో లెవెల్, గాలి వేగం, ఎంత నీరు పడుతుందో ఇస్తారు. అంగుళం నీరంటే సుమారు 10 అంగుళాల మంచు అనుకోవచ్చు, ఇక్కడి మంచు తడిది కాబట్టి చాలాసార్లు అంతకంటే తక్కువే. ఆ తడి మంచునే ఇక్కడివాళ్ళు కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. కొత్తవాళ్ళకి అందులో కాలు తిప్పడమే కష్టం.

వరస కూడా ముఖ్యం. తుఫాను ముందు భాగం వెచ్చగా ఉంటుంది, చల్లటి ఫ్రంట్ (వెనక వచ్చే చల్లగాలి అంచు) దాటాక స్నో లెవెల్ పడిపోతుంది. ముందు వాన, తర్వాత మంచు అయితే సంతోషం. ముందు మంచు పడి, దాని మీద వాన కురిసి, రాత్రి గడ్డకట్టిందంటే పొద్దున అద్దం మీద నడిచినట్టే. స్కీ రిపోర్టులో "24 గంటల్లో 8 అంగుళాలు" అన్న మాట ఈ తేడా చెప్పదు. కొండ మీది వాతావరణ స్టేషన్ల గంటగంటకీ ఉష్ణోగ్రత చూడండి, రాత్రంతా 34, 35 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే ఆ 8 అంగుళాలు ఏమయ్యాయో మీకే అర్థమవుతుంది. అయిదారు రోజుల ముందు కనిపించే అంగుళాలని చూసి టికెట్లు కొనకండి. రెండు రోజుల ముందు కొంటే ధర కొంచెం ఎక్కువైనా నయం.

మంచి మంచు పడే రోజున దారి బాగుండదు. స్నో లెవెల్ 1,500 అంటే స్నోక్వాల్మీ పాస్‌కి వెళ్ళే ఐ-90 హైవే మీద చాలా కింద నుంచే తెల్లగా ఉంటుంది. రాష్ట్ర రవాణా శాఖ పాస్ రిపోర్టు, కెమెరాలు చూడకుండా ఇల్లు కదలొద్దు. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే టైర్లకి కట్టే చెయిన్లు అక్కర్లేదని ఎవరో చెప్పుంటారు. మామూలుగా కట్టుకోనక్కర్లేదు గానీ, చెయిన్లు తప్పనిసరి చేసినప్పుడు కారులో మాత్రం ఉండి తీరాలి. అద్దె కారైతే చెయిన్లు కట్టనిస్తారో లేదో ముందే అడగండి. స్నోక్వాల్మీకి ఇంకో ప్రమాదం ఉంది. తూర్పు నుంచి చల్లగాలి పాస్ సందులోంచి వీస్తుంటే, పైన వెచ్చగా ఉన్నా రోడ్డు మీద వాన పడగానే గడ్డకడుతుంది. సూచనలో ఫ్రీజింగ్ రెయిన్ అని కనిపిస్తే స్నో లెవెల్ ఎంతున్నా వెళ్ళొద్దు. డిసెంబర్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, తిరుగు ప్రయాణం ఆ రోడ్డు మీదే.

జీన్స్ వేసుకోవద్దు. తడిస్తే ఆరదు, 33 డిగ్రీల వానలో అంతకంటే చలి ఇంకోటి ఉండదు. స్కీ ఏరియా హద్దుగా కట్టిన తాడు దాటి బయటికి, చెట్ల మొదళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. కొత్త మంచులో చెట్టు చుట్టూ కనపడని గుంతలుంటాయి, తలకిందులుగా పడితే ఊపిరాడదు.

ఇంత చదివి జడుసుకుని మానేస్తారేమో, అదీ వద్దు. జనవరి, ఫిబ్రవరిలో ఫ్రంట్ దాటిపోయి, స్నో లెవెల్ 2,000కి దిగి, గాలి తగ్గి, రోడ్డు శుభ్రం చేసిన రోజులు తప్పకుండా వస్తాయి. కుదిరితే వారం మధ్యలో సెలవు పెట్టండి, లైన్లు చిన్నవి. కొత్తవాళ్ళ కోసం పచ్చ గుర్తు పెట్టిన వాలు మీద కొత్త మంచులో ఎన్నిసార్లు పడ్డా లేవాలనే అనిపిస్తుంది, మధ్యాహ్నానికి మీ అంతట మీరే ఆగడం వచ్చేస్తుంది. ఆ నలుగురికీ అదే చెప్పాను. ఏ రోజు వెళ్ళాలో తేలకపోతే కొండ పేరు, స్నో లెవెల్ రెండూ రాసి నన్నడగండి, చూసి చెప్తాను. యాప్ స్క్రీన్‌షాట్ మాత్రం పంపొద్దు.