ఒకే జా, రెండు ఊళ్ల మన్ను: బెంగళూరులో ఊరగాయ జాడీ చేసుకునే పద్ధతి

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లు మట్టి పని నేర్చుకుని, రెండు సంస్కృతులూ కనిపించే వస్తువు చెయ్యాలనుకున్నప్పుడు ముందుగా తోచేది ఒక ప్లేటు. ఒక వైపు కలంకారీ తీగ, ఇంకో వైపు మైసూరు గండభేరుండం. ఆ ప్లేటు గోడకెక్కుతుంది, ఇంట్లో ఎవరి చేతికీ మళ్లీ తగలదు. దానికంటే జాడీ మేలు. ఆ మాట తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. ఏటేటా చెయ్యి పెట్టక తప్పని వస్తువు. పైగా దాని ఆకారాన్ని నిర్ణయించేది లోపల ఊరే కాయ.

ఆవకాయకు మూతి వెడల్పుగా ఉండాలి. టెంకతో కొట్టిన ముక్క, పెద్ద గరిటె రెండూ దూరాలి. కర్ణాటకలో మలెనాడు వైపు మిడి ఉప్పినకాయికి, అంటే మామిడి పిందెల ఊరగాయకు, ఇంకో అవసరం ఉంది. పిందెల్ని కోయకుండా ఉప్పునీళ్లలో ఊరేస్తారు కనుక అవి పైకి తేలకూడదు, అందుకు జాడీకి లోపలికి వంగిన భుజం కావాలి. వెడల్పు మూతి, వంగిన భుజం రెండూ కుదిరేట్టు కొలతలు వేసుకుంటే సగం పని అయినట్టే.

కొలతలు

కావలసింది 1200 నుంచి 1240 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా కాలే తెల్ల స్టోన్‌వేర్ మన్ను, 3 కిలోలు. పాటరీ టౌన్‌లో కుండలు చేసే ఎర్రమన్ను జాడీ గోడకు పనికిరాదు. తక్కువ వేడికే కాలుతుంది కాబట్టి కాలాక కూడా దాని గోడలో సన్న రంధ్రాలు మిగులుతాయి. ఉప్పునీరు వాటిలోకి ఇంకి, ఆరి, స్ఫటికం కట్టి, గోడను పొరలు పొరలుగా రాలగొడుతుంది. ఆ మన్నుతో మనకు వేరే పని ఉంది.

స్టోన్‌వేర్ పచ్చిదశ నుంచి కాలేసరికి సుమారు 12 శాతం కుంచించుకుపోతుంది. కొలత 12 శాతం తగ్గితే పట్టే పరిమాణం మూడో వంతు దాకా తగ్గుతుంది. కాలాక 2 లీటర్లు పట్టాలంటే పచ్చి జాడీ 3 లీటర్లు పట్టాలి. ఈ లెక్క వెయ్యకుండా చేసినవాళ్లకు చివరికి కిలో ముక్కలు కూడా పట్టని జాడీ మిగులుతుంది. పచ్చి కొలతలు ఇవి: లోపలి అడ్డుకొలత 14 సెంటీమీటర్లు, నిట్ట గోడ 16, భుజం 3, మెడ 3, మూతి లోపలి అడ్డుకొలత 10, గోడ మందం 7 నుంచి 8 మిల్లీమీటర్లు. కాలాక ఎత్తు 20 సెంటీమీటర్లు, మూతి దాదాపు 9 సెంటీమీటర్లు అవుతుంది. మీ మన్ను ఎంత కుంచించుకుపోతుందో అమ్మినవాళ్లను అడగండి, లేదా 10 సెంటీమీటర్ల గీత గీసిన బిళ్లను కాల్చి కొలవండి.

రెండు ఊళ్ల మన్ను

మన పాత జాడీలు పైన గోధుమరంగు, కింద మీగడరంగు. ఆ రెండు రంగుల గీతనే ఇక్కడ వాడుకుంటాం. పై సగానికి మీ ఊరి మన్ను, కింది సగానికి బెంగళూరు మన్ను, రెండూ పల్చటి పూతగా.

బెంగళూరు మన్ను కోసం కంటోన్మెంటు దగ్గర, బెన్సన్ టౌన్ పక్కనున్న పాటరీ టౌన్‌కు వెళ్లండి. ‘ఒణ మణ్ణు బేకిత్తు’ అంటే ఎండు మన్ను కావాలని అర్థమవుతుంది. అర కిలో చాలు. మన మన్ను వాళ్లకు మణ్ణు, మన కుమ్మరి వాళ్లకు కుంబార.

ఊరి మన్ను విషయంలో జాగ్రత్తలు ఎక్కువ. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి అయితే అది తడికి ఉబ్బి, ఆరితే నెర్రెలిస్తుంది. చేలో చూసే నెర్రెలే జాడీ మీదా వస్తాయి, పూత పెచ్చులుగా ఊడుతుంది. అందుకని ఎండిన రేగడిని దంచి, ఒక మట్టిగిన్నెలో పోసి, మీరు కాల్పించుకునే స్టూడియోలో వేరే వస్తువుల మొదటి కాల్పు జరిగేటప్పుడు వాటి పక్కన పెట్టించి, జాడీ కంటే ముందే కాల్చుకోవాలి. అలా కాలిన పొడికి ఇక ఉబ్బే గుణం ఉండదు. రెండో ప్రమాదం సున్నపు గులకలు. గోడలో ఒక్క గులక ఉండిపోయినా, కాలాక అది గాలిలో తేమ పీల్చి ఉబ్బి, వారాల తర్వాత పైపొరను పెచ్చులా ఎగరగొడుతుంది. కాల్చకముందే 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలుండే) జల్లెడలో తడిపి వడకట్టండి, మిగిలిన నలుసును పారెయ్యండి.

పూత పాళ్లు ఇలా మొదలుపెట్టండి. కాల్చి పొడి చేసిన ఊరి మన్ను 50 గ్రాములు, తెల్ల స్టోన్‌వేర్ పొడి 50 గ్రాములు. రెండో గిన్నెలో పాటరీ టౌన్ మన్ను 50, తెల్ల పొడి 50. నీళ్లు కలిపి మీగడ చిక్కదనానికి తేవాలి. ఒక్కోదానికి 25, 50, 75 పాళ్లలో మూడేసి బిళ్లలు చేసి, జాడీ కంటే ముందే కాల్పించండి. రేగడి నల్లగా ఉంటుందని కాలాక కూడా నల్లగా వస్తుందని ఎదురుచూడకండి. దానిలోని ఇనుము వల్ల అది కూడా గోధుమరంగుకే వస్తుంది. రెండు మన్నులూ ఒకే రంగుకు దగ్గరగా వస్తే, బెంగళూరు పూతను 25 పాళ్లకు తగ్గిస్తే తేనెరంగులోకి దిగుతుంది. 75 పాళ్ల బిళ్ల కరిగి మెరుస్తూ కనబడితే ఆ పాళ్లు వదిలెయ్యండి. తక్కువ వేడికి కాలే మన్ను ఇంత వేడికి కారిపోతుంది. ఆకుపచ్చో నీలమో కావాలని రంగులు కొనకండి. ఆ రెండు ఊళ్ల మన్నులో ఏ రంగుంటే ఆ రంగే ఈ జాడీకి నిజమైన రంగు.

గోడ కట్టడం

ప్లంబింగ్ సామాన్ల కొట్లో 140 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క దొరుకుతుంది. దానికి వార్తాపత్రిక ఒక చుట్టు చుట్టి టేపు వెయ్యండి. టేపు కాగితానికే అంటాలి, పైపుకు కాదు. 8 మిల్లీమీటర్ల చెక్కబద్దలు రెండు పక్కలా పెట్టి, మన్నును గుడ్డ మీద అప్పడాల కర్రతో రెండు దిక్కులా ఒత్తండి. ఒకే దిక్కున ఒత్తిన పలక ఆరేటప్పుడు ఆ దిక్కునే వంకర పోతుంది. 47 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు కోసి, రెండు చివర్లనూ ఏటవాలుగా చెక్కి, గాట్లు పెట్టి, అదే మన్ను జారు పూసి, పైపు చుట్టూ తిప్పి అతకండి. అరగంటలో పైపును బయటికి లాగెయ్యాలి. మన్ను కుంచించుకుంటుంది గానీ పైపు కుంచించుకోదు. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి గోడ నిలువునా చీలి ఉంటుంది.

అడుగు బిళ్ల అడ్డుకొలత 15.5 సెంటీమీటర్లు. అడుగు, గోడ ఒకే తడిలో ఉన్నప్పుడే అతకాలి. లోపలి మూలలో పెన్సిలంత సన్నని మట్టితాడు వేసి వేలితో నొక్కండి. భుజాన్ని, మెడను మట్టితాళ్లతోనే ఎత్తాలి, ఒక్కో చుట్టూ లోపలికి జరుపుతూ. మెడ చివర అంచును 5 మిల్లీమీటర్లు బయటికి మడిచి, దాని కింద వేలితో గాడి తియ్యండి. వాసెన గుడ్డ తాడు నిలిచేది ఆ గాడిలోనే. అది లేకపోతే తాడు జారిపోతుంది, గుడ్డ వదులవుతుంది, తేమ చేరి ఊరగాయ బూజు పడుతుంది. కొన్న గాజు సీసాలకు లేనిది, ఈ జాడీకి మీరు ఇవ్వగలిగినది ఆ గాడే.

మూతకు 12.5 సెంటీమీటర్ల బిళ్ల, దాని అడుగున 9.5 సెంటీమీటర్ల కట్టు. కట్టుకూ 10 సెంటీమీటర్ల మూతికీ మధ్య రెండు పక్కలా మిగిలే ఖాళీ తగ్గితే మూత కాలాక పట్టేస్తుంది.

బెంగళూరు ఫిబ్రవరి, మార్చి గాలికి మన్ను చాలా త్వరగా ఆరుతుంది. మెడ ముందు ఆరి అడుగు పచ్చిగా ఉంటే పగుళ్లు ఖాయం. పల్చటి పాలిథీన్ కవరు కప్పి, రోజుకొకసారి తీసి, లోపలి చెమ్మ తుడిచి మళ్లీ కప్పుతూ ఎనిమిది పది రోజులు ఆరనివ్వండి. మామిడికాయ వచ్చే ఏప్రిల్, మే నెలలకు జాడీ సిద్ధంగా ఉండాలంటే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి.

అక్షరాలు

తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి లిపి నుంచి వచ్చినవి. 13వ శతాబ్దం తర్వాత మెల్లగా విడిపోయాయి, అచ్చు అక్షరాలతో ఆ తేడా గట్టిపడింది. విడిపోయిన చోటు ఎక్కువగా తలకట్టు దగ్గరే. మన తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. కన్నడ తలెకట్టు అడ్డగీతలా సాగి కుడి కొసన వంపు తిరుగుతుంది. అందుకే తలకట్టు లేని జ, ట, ణ, బ, ల రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. జాడీ అనే మాట మొదలయ్యేది అలాంటి అక్షరంతోనే.

కాబట్టి జా ఒక్కసారే చెక్కండి, 6 సెంటీమీటర్ల ఎత్తున, రెండు పూతలు కలిసే గీత మీద సగం పైకీ సగం కిందికీ వచ్చేట్టు. దాని కుడివైపు పై పూతలో తెలుగు డీ, కింది పూతలో కన్నడ డి. రెండూ 4 సెంటీమీటర్లే, ఒకటి పెద్దగా ఇంకొకటి చిన్నగా కాదు. కన్నడాన్ని అడుగున చిన్న అక్షరాల్లో రాస్తే అది మందుసీసా మీది చీటీలా ఉంటుంది. తెలుగులో గుడిదీర్ఘం ఉంది, కన్నడంలో గుడి మాత్రమే, హ్రస్వం. ఆ ఒక్క తేడా జాడీ మీద కనబడనివ్వండి. కాగితం మీద వేసిన అక్షరాలను కన్నడం చదివే ఇరుగుపొరుగువాళ్లకు చూపించకుండా కత్తి పట్టుకోకండి. కాలాక తప్పు దిద్దుకోలేరు. (చెన్నైలో ఉన్నవాళ్లకు మిగతా పద్ధతంతా పనికొస్తుంది గానీ ఈ ఉమ్మడి జా దొరకదు. తమిళంలో జాడి రాసే జ గ్రంథ లిపి నుంచి తెచ్చుకున్నది.)

చెక్కే సమయం ముఖ్యం. గోడ గట్టి జున్నులా, గోరుతో నొక్కితే గీత పడి వేలిముద్ర పడని దశలో ఉండగా మెత్తటి బ్రష్‌తో పూత రెండు మూడు సార్లు వెయ్యండి. ఒక పూత మెరుపు పోయాకే ఇంకొకటి. కింది సగం ముందు, పై సగం తర్వాత. రెండు గంటల తర్వాత కాగితం అంటించి, పెన్సిల్‌తో మెత్తగా ఒత్తి, తీగ కత్తితో ఒక మిల్లీమీటరు లోతున చెక్కండి. తడి ఎక్కువైతే గీత పక్కన ముద్దలు లేచి అక్షరం అలుక్కుపోతుంది. ఆరిపోతే అంచులు చిట్లుతాయి, ముఖ్యంగా జ మెలికల్లో. గీత పక్కన లేచిన నలుసుల్ని తడిలో తుడవకండి, బాగా ఆరాక గరుకు బ్రష్‌తో మాస్కు పెట్టుకుని దులపండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని.

మెడ మీద మీ ఊరి పేరు కూడా రాయాలనుకుంటే అందులో గ, ర లాంటివి వస్తాయి, తలకట్టుతో పని పడుతుంది. తెలుగు తలకట్టు రెండు గీతలు, రెండో గీతను పైనుంచి కిందికి లాగి మొదటిదాంట్లో కలపండి. కింది నుంచి పైకి లాగితే మొన దగ్గర మన్ను ఊడుతుంది. కన్నడ తలెకట్టు మాత్రం కత్తి ఎత్తకుండా ఒకే లాగు, చివర మణికట్టు తిప్పాలి.

కాల్పు, గ్లేజు

మొదటి కాల్పు 1000 డిగ్రీలకు. 600 దాకా గంటకు 80 డిగ్రీలకు మించి పెంచవద్దని స్టూడియోవాళ్లకు చెప్పండి. మందమైన అడుగులో తేమ మిగిలితే ఆవిరై పగలగొడుతుంది.

ఆ తర్వాత గ్లేజు, అంటే కాలాక గాజుపొరలా మారే పూత. లోపలికి రంగులేని పారదర్శక గ్లేజు మాత్రమే, సీసం లేనిది, ఆ మన్నుతో, ఆ వేడికి పరీక్షించినది. పోసి, తిప్పి, అయిదు సెకన్లలో వంపెయ్యండి. బయట కూడా అదే, రెండు సెకన్ల ముంచు చాలు. మందంగా పడితే గీతలు నిండిపోయి అక్షరం మసకబారుతుంది. అడుగున 3 మిల్లీమీటర్లు, మూత ఆనే అంచున గ్లేజు తుడిచెయ్యాలి. మూతను జాడీ మీదే పెట్టి కాల్పిస్తే రెండూ ఒకే తీరున వంగుతాయి, ఒకదానికొకటి సరిపోతాయి. ఈ రెండో కాల్పు 1220 డిగ్రీలకు, పది నిమిషాల నిలుపు. 100 డిగ్రీల కిందికి దిగాకే తలుపు తియ్యాలి.

ఊరగాయ పెట్టే ముందు

గ్లేజు మీద సిరా రుద్ది తుడవండి. సాలెగూడు లాంటి గీతలు కనబడితే గ్లేజు, మన్ను ఒకదానికొకటి సరిపడలేదన్నమాట. అందులోకి నూనె దూరి ముక్కిన వాసన పడుతుంది.

అదే మన్ను, గ్లేజు వెయ్యని బిళ్ల ఒకటి అదే కాల్పులో కాల్పించి ఉంచుకోండి. తూచి, రెండు గంటలు మరగబెట్టి, రాత్రంతా ఆ నీళ్లలోనే ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాముల బిళ్ల 203 అయితే పీల్చిన నీరు 1.5 శాతం, సరిపోతుంది. 208 అయితే మన్ను పూర్తిగా కాలలేదు.

తర్వాత జాడీలో లీటరు నీళ్లకు 200 గ్రాముల ఉప్పు కలిపి పోసి, పొడి కాగితం మీద ఏడు రోజులు వదలండి. అడుగున తెల్లగా ఉప్పు పూస్తే అందులో కందిపప్పు పోసుకోండి, ఊరగాయ మాత్రం వద్దు. లోపల నిమ్మచెక్క ఒక రోజంతా ఉంచి తీసినచోట గ్లేజు మెరుపు తగ్గినా అంతే. ఈ పరీక్షలు సీసం ఉందో లేదో చెప్పవు. గ్లేజు ఎక్కడిదో తెలియకపోతే ల్యాబ్‌లో చూపించాలి.

అన్నీ నెగ్గిన జాడీని వేడినీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించండి. ముక్కలు భుజం మొదలయ్యే దాకానే నింపండి, పైన నూనె తేలడానికి చోటుండాలి. మూత పెట్టి, పలుచటి నూలుగుడ్డ రెండు మడతలుగా కప్పి, తాడును గాడిలో రెండు చుట్లు తిప్పి ముడి వెయ్యండి.