పాత బిల్లులతో కొత్త బేరం - 3వ పాఠం: రేటు అడగాలా, రోజులు అడగాలా?

పెద్ద పార్టీని (మన సరుకు కొనే కంపెనీని) సరుకు రేటు పెంచమని అడగాలా, డబ్బు తక్కువ రోజుల్లో వేయమని అడగాలా? పాత బిల్లులే చెబుతాయి. రెండేళ్ల బిల్లులు ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) నుంచి ఎక్సెల్‌లోకి దించుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఈసారి వాటి పక్కన ఒక్క గడే (కాలమ్) చేర్చండి: డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది? సరుకు దించిన తేదీ డెలివరీ చలాన్ మీద, డబ్బు పడిన తేదీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతాయి.

బాలానగర్‌లో లేత్ పని చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకోండి. ఒక పార్టీ ఏడు బిల్లులకు డబ్బు కట్టడానికి తీసుకున్న రోజులు: 44, 47, 71, 74, 76, 78, 190. సగటు 83. ఆ అంకె పట్టుకుని వెళ్తే పర్చేజ్ మేనేజర్ 190 రోజుల బిల్లు తీసి, "ఇది మీ సరుకు రిజెక్టయిన లాటు కదా" అంటాడు. మీ లెక్కంతా అక్కడే చెల్లకుండా పోతుంది. వరుసగా పేర్చి నడిమి అంకె తీసుకోండి: 74. ఆ ఒక్క బిల్లు తీసేసినా ఇది పెద్దగా మారదు.

ఒప్పందం 45 రోజులు. పైన పడినవి 29. మీ సీసీ (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు) ఖాతా వడ్డీ 12 శాతమైతే, 2 లక్షల బిల్లు మీద ఆ 29 రోజులకు 1,907 రూపాయలు. అంటే ఒప్పుకున్న రేటులో దాదాపు ఒక శాతం మనమే వదిలేస్తున్నాం.

జీడిమెట్లలో పనిచేసే రోజుల్లో ఒక పెద్ద పార్టీ దగ్గర మూడుసార్లు కూర్చుని ఒకటిన్నర శాతం రేటు పెంచుకొచ్చాం. ఆ ఏడాది డబ్బు రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. పెరిగిందంతా వడ్డీకే పోయి, పైన అర శాతం చేతి నుంచి పడింది. అంతకుముందు రేటు పెంచినప్పుడూ వాళ్లు ఇదే చేశారని లెడ్జరులోనే ఉంది, మేం చూడలేదు. అందుకే ఈ గడి మీద ఇంత పట్టుబడుతున్నాను.

చట్టం మీ వైపే ఉంది. ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్‌లో) నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారులకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం, రాసుకున్న గడువు ఏదైనా సరుకు అంగీకరించిన నాటి నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కాబట్టి 60, 90 రోజులని సంతకం పెట్టకండి. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి, గడువు దాటిన బకాయిని, సరుకు కొన్నవాళ్లు కట్టిన ఏడాదే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోగలరు. ఇది వాళ్ల అకౌంట్స్ వాళ్లకు బాగా తెలుసు, బెదిరింపుగా ఎత్తనక్కర్లేదు.

ఇలా అడగండి: "సార్, రేటు పెంచమనను. 30వ రోజుకల్లా డబ్బు వేస్తే అర శాతం తగ్గిస్తాను." 74 నుంచి 30కి వస్తే మీకు మిగిలేది 1.45 శాతం, ఇచ్చేది అర శాతం. ఆ తగ్గింపు గడువులోపు కట్టిన బిల్లుకే అని ఒప్పందంలో రాయించుకోండి.

వచ్చే పాఠం డెబిట్ నోట్ల (బిల్లులో కోత పెడుతూ పార్టీ పంపే కాగితాల) మీద. ఆలోపు మీ పెద్ద పార్టీ బిల్లులకు ఆరు నెలలకొకసారి విడిగా నడిమి అంకె తీసి, రేటు మారిన నెల పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టి ఉంచండి.